రేకుల షెడ్డులో వడలు కాల్చే దెయ్యం

గుమ్మఘట్ట దాటినాక శెనక్కాయ చేన్ల మధ్య మా ఐటీఐ ఉంటుంది. దాని వెనకాల ఒంటరిగా ఒక రేకుల షెడ్డు. పేరుకు వెల్డింగ్ షాపు. చీకటి పడితే ఆ పక్కకు ఎవరూ పోరు... కుక్కలు కూడా చుట్టు తిరిగి పోతాయని హాస్టల్లో వంట చేసే ఈశ్వరి చెప్పేది. నేను ఫిట్టర్ ట్రేడు వాణ్ణి. ఇదంతా నలుగురి నోటా విన్నదే, అయినా నమ్మండి.

ఆ షెడ్డుకు చెడ్డపేరు తెచ్చింది ఊరివాళ్ళు కాదు, వెల్డింగ్ చెప్పే దివాకర్ సారు. పిల్లలు షెడ్డు తెరవమని అడిగితే ఒకరోజు రాడ్లు రాలేదనేవాడు, ఇంకోరోజు ఓల్టేజి చాలదనేవాడు. అవి రెండూ చెల్లనినాడు గొంతు తగ్గించేవాడు. షెడ్డు కట్టేటప్పుడు ఒక మేస్త్రీ పైనుంచి పడి చచ్చిపోయాడని, పొద్దు మునిగితే లోపల మసలుతుంటాడని చెప్పేవాడు. ఏడాదంతా బోర్డు మీద బొమ్మలు, నోట్సు, అంతే. కంప్లయింట్ పెట్టెలో కాగితాలు వేసి వేసి పిల్లలకు విసుగొచ్చింది. ఆ పెట్టె తాళంచెవి కూడా సారు దగ్గరే ఉండేది మరి.

ఇంతలో హిందూపురం వైపు నుంచి ఒక ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పెట్టారు. వచ్చే నెల ఒక సోమవారం వస్తామని, ఆ షెడ్డులోనే ఒక్కొక్కరి చేత రెండు ఇనుప పలకలు అతికించి చూసి, బాగా చేసినవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకుంటామని. క్లాసులో ఒక్కరూ రాడ్డు పట్టి ఎరగరు. అందరికంటే దిగులు ధర్మవరం పిల్ల సువర్ణకు. ఈ ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చి మగ్గం గుంతలో తన పక్కన కూర్చోమని వాళ్ళ నాయన ముందే చెప్పేశాడు.

ఆ వారంలోనే షెడ్డులో దెయ్యం లేచింది.

మొదట చూసింది గొర్రెల అంజినప్ప. చేన్లో మంద వేసుకుని పడుకున్నాడట. మధ్యరాత్రి... రేకుల సందుల్లో నుంచి నీలంగా వెలుగు. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. దగ్గరికి పోతే లోపల నూనెలో వడలు వేగుతున్నట్టు చప్పుడు. సందులో కన్ను పెట్టి బాగా చూశాడు. తెల్లారేసరికి ఆ కన్ను టమాటా పండులా వాచిపోయింది. దెయ్యం కన్ను మీదే కొట్టిందని ఊరంతా అనుకున్నారు. ఆ వేళప్పుడు అది ఎవరికోసం వడలు కాలుస్తోందని మా హాస్టల్లో పెద్ద చర్చ.

దివాకర్ సారు క్లాసులో మీసం దువ్వుకున్నాడు. చూశారా, నేను చెప్పలేదా అన్నాడు. కానీ ఆరోజు నుంచి సాయంత్రం బెల్లు కొట్టకముందే బండెక్కి పోయేవాడు.

ఫ్యాక్టరీ వాళ్ళు రావడానికి ముందు వచ్చిన శనివారం, రాయదుర్గంలో పెళ్ళి భోజనం చేసి ఆయన రాత్రి ఒంటరిగా తిరిగొస్తున్నాడు. ఆ దారి తప్ప వేరే దారి లేదు. షెడ్డు దగ్గరకు వచ్చేసరికి— వెలుగు.

బండి ఆపకుండా పోయేవాడే. కానీ రాగి తీగ కోసం దొంగలు వెల్డింగ్ మిషను విప్పుతున్నారేమోనని అనుమానం వచ్చింది. మిషను పోతే జవాబు చెప్పాల్సింది తానే. దెయ్యం భయం కంటే ఆ భయం పెద్దది. చెప్పులు విడిచి, గోడ పట్టుకుని, మెల్లగా... మెల్లగా... పోయి సందులో చూశాడు.

లోపల ఒక ఆకారం వంగి కూర్చుని ఉంది. వీపు మీద పొడుగాటి జడ. చేతిలో మంట. సుర్రుమని చప్పుడు. ఎంతసేపు చూసినా కన్ను మళ్ళలేదు. అంతలో మంట ఆరింది. ఆకారం తల ఎత్తి ఆయన వైపు తిరిగింది.

దానికి ముఖం లేదు.

ముక్కు లేదు, నోరు లేదు. నల్లటి పలక. కళ్ళుండాల్సిన చోట చిన్న అద్దం ముక్క, అంతే.

సారు చెప్పులూ బండీ అక్కడే వదిలి ఇంటిదాకా పరుగెత్తాడు. తెల్లవారుజాముకు కళ్ళలో ఎవరో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. మూస్తే మంట, తెరిస్తే ఇంకా మంట. తెల్లారకముందే భార్య చేయి పట్టుకుని, ఊళ్ళో మంత్రాలు వేసే బయమ్మ దగ్గరికి పోయాడు. ఆమె దిష్టి తీసి, విబూది పెట్టి, ముంజేతికి ఎర్రదారం కట్టింది. ఇంటికొచ్చి ప్రిన్సిపాల్ జ్యోతిలక్ష్మి మేడానికి ఫోన్ చేశాడు. షెడ్డుకు శాంతి చేయించేదాకా తెరిచేది లేదని, ఫ్యాక్టరీ వాళ్ళను రావద్దనమని చెప్పాడు. ఆమె కూడా భయపడి, సాయంత్రం వాళ్ళకు చెప్పేస్తానంది.

ఆ మాట హాస్టల్‌కు చేరింది. మధ్యాహ్నం సువర్ణ సారు ఇంటికి వచ్చింది. చేతిలో ఒక ఉర్లగడ్డ, అదే బంగాళదుంప, ఒక చాకు. అమ్మగారిని అడిగి, గడ్డను పలుచగా కోసి, మంచం మీద పడుకున్న సారు కళ్ళ మీద చలవకని పెట్టింది.

"దెయ్యం కొట్టిందమ్మా," అన్నాడాయన నీరసంగా.

"దెయ్యం గాదు సార్. ఆర్క్ కొట్టింది. వెల్డింగ్ మంటను ఉత్త కండ్లతో చూస్తే రాత్రికి ఇసక పోసినట్ల అయితాదని మీరే గదా నోట్సు చెప్పింది."

సారు కళ్ళ మీది ముక్కలను చేత్తో అదుముకున్నాడు.

"అయితే... ఆ ముఖం లేనిది—"

"నేనే సార్. మాస్కు ఏసుకోనుంటి."

తర్వాత అంతా చెప్పేసింది. వెనక రేకు బోల్టులు విప్పి ఇచ్చింది మా ఫిట్టర్ వాళ్ళేనట. రెండేళ్ళలో మాకు బాగా వచ్చిన ప్రాక్టికల్ అదొక్కటే లెండి. లోపల రాడ్ల పెట్టెలు సీలు కూడా తీయకుండా ఉన్నాయట. రాత్రి చేన్లలో బోర్లు ఆగినాక ఓల్టేజి కూడా భేషుగ్గా ఉంటుందట. సారు చెప్పిన నోట్సు చూసుకుంటూ క్లాసులో వాళ్ళంతా వంతులవారీగా నేర్చుకున్నారు.

"కావాలంటే నన్ను హాస్టల్లో నుంచి పంపించేయండి సార్. షెడ్డు మాత్రం మూయొద్దండి. రేపు ఒక్క దినం."

సారుకు కోపం రావాల్సింది. కానీ ఈ పిల్ల మీద ఫిర్యాదు చేయాలంటే తన కళ్ళు ఎట్లా వాచాయో చెప్పాలి. వెల్డింగ్ సారు ఆర్క్ దెబ్బకు దారం కట్టించుకున్నాడని జిల్లా అంతా నవ్వుతుంది. ఆయన ముక్కలు తీయకుండానే గొంతు తగ్గించాడు.

"నాకే వెల్డింగ్ రాదమ్మా. నేను చదివినకాడ గూడా షెడ్డుకు తాళమే."

తిట్లు పడతాయని వచ్చిన సువర్ణకు ఆయన మీద జాలేసింది. సారు తలగడ కింద తడిమి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. మేడానికి ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, శాంతి అయిపోయిందని చెప్పాడు.

సోమవారం సువర్ణ అతికించిన పలకలను ఫ్యాక్టరీ ఆయన సుత్తితో కొట్టి చూశాడు, విడిపోలేదు. మగ్గం మీద పట్టుపోగులు అతికించిన చెయ్యి కదా. ఆమెనూ ఇంకొందరినీ తీసుకున్నారు. ఎవరు నేర్పించారమ్మా అని ఆయన అడిగితే, దివాకర్ సారు అంది. నల్లద్దాలు పెట్టుకున్న సారు ఆ మాటకు వేరే వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆనాటి నుంచి షెడ్డు పగలే తెరుస్తున్నారు. దెయ్యం పీడ పోయిందని బయమ్మకు ఊరంతా దండాలు పెట్టింది.

కానీ...

సువర్ణ ఉద్యోగానికి పోయే ముందురోజు రాత్రి హాస్టల్లో పెట్టె సర్దుకుంటోంది. కిటికీలో నీలం వెలుగు. వెలిగింది, ఆరింది. క్లాసు పిల్లలంతా ఆ గదిలోనే ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫిట్టర్లం మేమా, రేకు బోల్టులు బిగించి చాలా రోజులైంది.

సువర్ణ ఒక్కతే పోయింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మెల్లగా తోసింది. మంట వైపు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చెవి ఒగ్గింది. వడలు వేగే చప్పుడు కాదు, చెయ్యి తిరగనివాళ్ళ చప్పుడు. చిటపట... తుస్సు... చిటపట. మంట ఆరింది. చెయ్యి తీసి చూసింది.

ముఖం లేని ఆకారమే. జడ లేదు, బొజ్జ ఉంది. రాడ్డు పట్టిన ముంజేతికి ఎర్రదారం.

సువర్ణకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు తడిశాయి. తలుపు దగ్గరే నిలబడి గుసగుసగా అంది.

"రాడ్డు ఇంగొంచెం దగ్గరికి పట్టాల సార్."

దెయ్యం ఉలిక్కిపడింది. మాస్కు మాత్రం ఎత్తలేదు. రాడ్డు మెల్లగా కిందికి దించి అడిగింది.

"ఇట్లనా?"