ఆ ఇంటి ముందు ఊ కొట్టొద్దు

బార్కస్ దాటి చాంద్రాయణగుట్ట వైపు వస్తుంటే ఓ సందులో నీలం తలుపుల ఇల్లు ఒకటుంది. ఆ సందులోకి రమ్మంటే ఆటోవాళ్లకు ఉన్నట్టుండి గ్యాస్ అయిపోతుంది. పగలంతా పహిల్వాన్లలా తిరిగే మగవాళ్లు చీకటి పడ్డాక ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ ఆ ఇల్లు దాటుతారు. మా ఆయన అలా దాటడం నేను నా కళ్లతో చూశాను.

అది జైతూన్‌బీ ఇల్లు. ఆమె సిద్దీ మనిషి. ఎప్పుడో ముత్తాతల కాలంలో ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చి నిజాం ఫౌజులో చేరినవాళ్ల వంశం. ఆమె వీధి పిల్లలందరికీ కథలు చెప్పేది. వినేవాళ్లు ఊ కొట్టాలి, అదొక్కటే షరతు. ఊ ఆగితే కథ ఆపేసేది. "ఊ కొట్టి నడుమల లేచిపోయిన్రనుకో, ఆ సగం కథ మీ పెయిలనే ఉండిపోతది" అని బెదిరించేది. పిల్లలు కుదురుగా కూర్చోవాలని అన్న మాట. ఆమె పోయాక పెద్దవాళ్లు కూడా సగం కథ ఒంట్లో ఉండిపోతుందని నమ్మడం మొదలుపెట్టారు.

ఇల్లు ఏళ్ల తరబడి తాళమేసి ఉంది. అలాంటిది, ఈ వానాకాలంలో లోపలి నుంచి గొంతు వినపడసాగింది... కథ చెప్తున్న గొంతు. దీపం లేదు. మనిషి లేదు. వీధంతా ఒకటే మాట — వినపడితే వినపడనీ, ఊ మాత్రం కొట్టొద్దు.

ఇక రుక్మాబాయి సంగతి. మాకు పాలు పోసేది ఆమే. ఆమె చెప్పిందే చెప్తున్నాను, నేను కలిపిందేమీ లేదు. కలపడం ఆమె పని, అదీ పాలల్లో.

ఆమె మనవరాలు స్రవ్య ట్యూషన్ నుంచి వస్తూ ఓ సాయంత్రం చీకటి పడ్డాక ఆ కిటికీ కింద నిలబడింది. లోపల కథ నడుస్తోంది. రోజూ నానమ్మ పక్కలో పడుకుని కథలు వినే పిల్ల... అలవాటు కొద్దీ నోరు ఊరుకోలేదు. ఊ కొట్టింది. కథ సాగింది. మళ్లీ కొట్టింది. ఇంతలో గొంతు ఠక్కున ఆగిపోయింది. పిల్ల వణుక్కుంటూ ఇంటికొచ్చి పడింది.

ఆ రాత్రి నుంచి జ్వరం. మందులు వేస్తే పొద్దున తగ్గుతుంది, చీకటి పడగానే మళ్లీ కాలిపోతుంది. మూసిన కళ్లతోనే "ఊ..." అంటుంది. కాసేపాగి మళ్లీ "ఊ..."

"ఏందే బిడ్డా?" రుక్మాబాయి గుండెలు బాదుకుంది.

"ఆ పిల్ల నీళ్లల్లనే ఉన్నది, నానమ్మా... దీపం ఆరిపోయింది..."

"ఏ పిల్ల?"

"కథల పిల్ల."

రుక్మాబాయి భర్త కొండల్ తల పట్టుకున్నాడు. "డాక్టరు రక్తం టెస్టు రాసిండు గదనే. రేపు పోదాం."

"టెస్టు రేపు చేపిద్దాం. మిగిలిన కథ ఇయ్యాల్నే తెస్త."

"నీకు దండం పెడ్త... ఊ మాత్రం కొట్టకు."

రాత్రి ఇషా నమాజు అయింది. సన్నగా వాన. కరెంటు పోయి సందంతా చీకటి. రుక్మాబాయి కిటికీ కిందికి చేరి, కొంగు ఉండ చుట్టి నోట్లో కుక్కుకుంది. తనూ కథలు వినీ చెప్పీ పెరిగిన మనిషే, తన నోటి మీద తనకే నమ్మకం లేదు.

చాలాసేపు ఏమీ లేదు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. అప్పుడు... గొంతు మొదలైంది. మన ఉర్దూలోనే, మెల్లగా.

"...రాబోయే రోజుల్లో సముద్రం చాంద్రాయణగుట్ట దాకా వచ్చేసింది. ఫ్లైఓవర్ కింద పడవలు తిరుగుతున్నాయి..."

"ఊ..."

రుక్మాబాయి నోట్లో కొంగు తడిమి చూసుకుంది. ఊ తనది కాదు. లోపలి నుంచి వచ్చింది.

"...ఓ పడవలో మన సిద్దీ పిల్ల, చంకలో మర్ఫా డప్పు. ముత్తాతలు వచ్చిన దారి వెతుక్కుంటూ ఒక్కతే పోతోంది..."

"ఊ..."

"...నడి నీళ్లలో దీపం ఆరిపోయింది..."

"ఊ..."

గొంతు ఆగింది. స్రవ్య దగ్గర ఆగిన చోటే.

అయ్యో, లోపల ఇంకెవరి బిడ్డో చిక్కుకుంది! రుక్మాబాయికి భయం పోయి ఒళ్లు మండిపోయింది. బర్రెల్ని గుంజి కట్టేసే చేతులు ఆమెవి. ఒక్క తోపుకే తుప్పు పట్టిన తాళం ఊడి, నీలం తలుపులు తెరుచుకున్నాయి.

లోపల చాప మీద కూర్చున్న ఆకారం కెవ్వుమంది. రుక్మాబాయి నోట్లో కొంగు ఊడి, ఆమె అంతకన్నా గట్టిగా కెవ్వుమంది.

దెయ్యం చేతిలో ఫోన్ లైటు వెలిగింది. ఉంగరాల జుట్టు, నల్లటి గుండ్రటి ముఖం, కళ్లజోడు... బతికున్న పిల్లే! జైతూన్‌బీ కొడుకు కూతురు, పేరు మర్జానా. పగలు అబిడ్స్‌లో ఉద్యోగం, ఉండేది హాస్టల్లో; కథ కోసం నానమ్మ ఇంటికి వచ్చిపోయేది వెనక తలుపు నుంచి. ఇంటికి కరెంటు లేదు కాబట్టి రాత్రిపూట చీకట్లోనే కూర్చుని, కథ పైకి చెప్తూ ఫోన్‌లో రికార్డు చేసుకుంటోంది.

"సముద్రం అవతల మా లెక్కటి నల్లోళ్లు వింత కథలు రాస్తరమ్మా, రేపటి కథలు, దెయ్యాల కథలు. అన్ని కలిపి ఒక పుస్తకం చేస్తున్రు. నన్ను గూడ ఒక చిన్న కథ అడిగిన్రు. ఇక్కడ మమ్మల్ని ఎవ్వలన్న రాస్తె, షాదీల మర్ఫా కొట్టేటోళ్లమనే రాస్తరు. రేపటి రోజులల్ల మేము ఉండమా ఏంది?"

రుక్మాబాయికి సగమే అర్థమైంది. సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. వీధి వీధంతా భయపడి చచ్చింది ఈ పిల్లకా!

"గది సరే. ఆ పిల్ల ఏది?" చుట్టూ చూస్తూ అడిగింది.

"ఏ పిల్ల?"

"లోపల ఊ కొట్టింది గద?"

మర్జానా నవ్వింది. "మజాక్ చెయ్యకున్రి. రోజూ కిటికీల నుంచి కొట్టేది మీరే గద? అచ్చం మా దాదీ లెక్కనే కొడ్తరు. ఆ ఊ వినపడ్తెనే నాకు కథ నడుస్తది."

రుక్మాబాయి చేతిలో కొంగు ఇంకా తడిగానే ఉంది. దాన్ని లైటులో చూపించింది.

"నేను ఇయ్యాల్నే వచ్చిన బిడ్డా... నా నోరు మూసే ఉండె."

మర్జానా నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్జానా ఫోన్ లైటు కిటికీ వైపు తిప్పింది...

మూల నుంచి, చాలా దగ్గరగా — "ఊ...?"

మర్జానా లేవబోయింది. రుక్మాబాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉరకకు. కథ చెప్పు."

"ఆఖరు ఏందో నాకే తెల్వదమ్మా... అందుకే రోజూ అక్కడ్నే ఆగుతున్న."

"తెల్వకుంటె ఇప్పుడు పుట్టియ్యి. నా మనవరాలు ఆ నీళ్లల్లనే ఉన్నది."

మర్జానా గొంతు పీలగా మొదలైంది. చీకట్లో ఆ పిల్ల డప్పు కొట్టింది. "ఊ..." నీళ్ల అడుగు నుంచి జవాబుగా ఇంకో డప్పు మోగింది. "ఊ..." ఎప్పుడో ఆఫ్రికా నుంచి వస్తూ వస్తూ ఓడల్లోంచి సముద్రంలో పడి చనిపోయినవాళ్లంతా పైకి లేచి, పడవకు తలో చెయ్యి వేశారు. "ఊ..." తెల్లారేసరికి పడవ ఒడ్డుకు తగిలింది.

ఈసారి ఊ రాలేదు.

మర్జానాకు ఏడుపు ఆగలేదు. రుక్మాబాయి ఆమెను దగ్గరికి తీసుకుని వెనక తలుపు నుంచి పెద్ద రోడ్డు దాకా నడిపించి, ఆటో ఎక్కించి, కథ మర్చిపోకుండా పెదాల మీదే వల్లించుకుంటూ ఇంటికి ఉరికింది.

స్రవ్య పక్కలో పడుకుని మొదటి నుంచి చెప్పింది. పిల్ల మూసిన కళ్లతో ఊ కొట్టింది. పడవ ఒడ్డుకు తగలగానే ఒళ్లంతా చెమట పట్టింది. నుదురు చల్లబడింది. నానమ్మ చెయ్యి పట్టుకుని గాఢంగా నిద్రపోయింది. మంచం పక్కన కొండల్ అప్పటికే గురక పెడుతున్నాడు.

"అయిపోయింది తల్లీ... ఒడ్డుకొచ్చినవ్" అని రుక్మాబాయి కళ్లు తుడుచుకుంది.

గడప అవతల చీకట్లోంచి ఓ ముసలి గొంతు ఇంకో కథ కోసం ఆశగా అడిగింది —

"ఔర్ ఏక్?"