చేతులు లోపలికి

డాక్టర్ ధర్మారావు ఇనుప బండికి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నారు. తల మాత్రం కూర్చున్న మనిషి తలలా లేదు.

శవాన్ని ముందు చూసింది అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌట్ గ్రేడీ హౌజర్. శనివారం ఉదయం ఆరూ నలభైకి. ఏడూ పదికల్లా డిటెక్టివ్ దేదీప్య ట్రాయ్‌లోని ఆ ఇండోర్ ప్రాక్టీస్ హాల్లో ఉంది.

పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. మధ్యలో బ్లాకింగ్ స్లెడ్. ఇనుప చట్రానికి ముందువైపు మెత్తటి దిళ్ళు బిగించిన బండి అది. మూడొందల పౌండ్ల కుర్రాళ్ళు ఆ దిళ్ళను గుద్ది, బండిని వెనక్కి నెట్టడం ప్రాక్టీస్ చేస్తారు. డాక్టర్‌ని దిళ్ళ వైపు కొట్టలేదు. వెనక ఉన్న కడ్డీకేసి కొట్టారు. కడ్డీ మీద నెత్తురు, నెరిసిన వెంట్రుకలు.

దేదీప్యకు ఇంట్లో పది నెలల కొడుకున్నాడు. పొద్దున వాడి తల వెనక ఆనించి ఎత్తుకున్న చెయ్యి ఇది. ఆమె ఆ చేతిని కోటు జేబులో దాచుకుంది.

"రెండు జబ్బలూ పట్టుకుని లేపాడు," అన్నాడు మెడికల్ ఎగ్జామినర్. "వేళ్ళ గుర్తులు చూడు. బొటనవేలు ముందు, నాలుగు వేళ్ళు వెనక. చంకల దగ్గర చొక్కా కుట్లు రెండూ తెగాయి. నాలుగైదుసార్లు బాదాడు. రాత్రి ఏడుకీ ఎనిమిదికీ మధ్య."

లెఫ్టినెంట్ పావ్లక్ చూయింగ్ గమ్ నములుతున్నాడు.

"మనిషిని గడ్డిబొమ్మలా ఎత్తి బాదాలంటే ఎవడివల్ల అవుతుంది? నిన్న ఈ హాల్లో అలాంటివాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకడు డాక్టర్ మీద అరిచాడు. కేసు అయిపోయింది దేదీప్యా."

అరిచినవాడు డెషాన్ మాబ్రీ.

2009 ఏప్రిల్. ఆ శనివారం సాయంత్రమే నాలుగింటికి డ్రాఫ్ట్. కాలేజీ ఆటగాళ్ళను ప్రొఫెషనల్ టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే రోజు. హౌజర్ టీమ్‌ది మూడో వంతు. వాళ్ళకు అఫెన్సివ్ లైన్‌లోకి ఒక కుర్రాడు కావాలి. వాడు బంతి పట్టుకోడు, పాయింట్లు తేడు. బంతి విసిరేవాడి మీదికి ఎవడూ రాకుండా గోడలా నిలబడతాడు, అంతే. దేశమంతా వెతికి హౌజర్ ఇద్దర్ని మిగిల్చాడు. డెషాన్ మాబ్రీ, కోల్ హైడెమా. ఆఖరిసారి చూసుకుందామని ఇద్దర్నీ శుక్రవారం ఇక్కడికి పిలిపించాడు. ధర్మారావు టీమ్ ఎముకల డాక్టర్. ఇద్దరి ఒళ్ళూ ఆయన చూడాలి.

"పన్నెండింటికల్లా వాణ్ణి బేడీలేసి తీసుకెళ్తా," అన్నాడు పావ్లక్.

"టీవీ వ్యాన్లు బయటే ఉన్నాయి సర్. బేడీలతో కనిపిస్తే వాణ్ణి ఇంకే టీమూ తీసుకోదు. ఇవాళే కాదు, ఎప్పటికీ."

"హత్య చేసినవాణ్ణి తీసుకోకూడదు కూడా."

"నాలుగు దాకా టైమివ్వండి."

పావ్లక్ గమ్ ఉమ్మేసి తలూపాడు.

* * *

హాలు పక్క గదిలో డెషాన్ కుర్చీలో పట్టలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. మోకాలికి ఐస్ కట్టుంది.

"డాక్టర్‌తో గొడవ దేనికి?"

"మోకాలు మేడమ్. మూడుసార్లు వంచి చూశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టర్ మాట్లాడకపోతే భయమెయ్యదా? అరిచాను."

"ఏడు నుంచి ఎనిమిది దాకా?"

"పార్కింగ్‌లో, కార్లో. మా అమ్మకి ఫోన్ చేశాను."

"గంటసేపా?"

"ఫోన్ పది నిమిషాలు. మిగతాదంతా ఏడుపు." వాడు కిందికి చూశాడు. "ఇది పేపర్లో రాదు కదా?"

"ఎవరైనా చూశారా?"

"ఏడ్చేటప్పుడు ఎవరూ చూడకూడదనే కదా కార్లో కూర్చున్నది."

రెండోవాడు కోల్ హైడెమా. పల్లెటూరి కుర్రాడు, తెల్ల జుట్టు. రాత్రంతా హోటల్ గదిలో పడుకున్నానన్నాడు. వాడి కంటే ముందు, టీమ్‌లతో వాడి బేరాలు మాట్లాడి కమిషన్ తీసుకునే ఏజెంట్ జవాబులు చెబుతున్నాడు. పేరు బ్రెంట్ కసాడా. నలభై ఐదేళ్ళుంటాయి. ఖరీదైన సూటు. కుడిచేతి ఉంగరపు వేలికి ప్లాస్టర్.

"వేలికేమైంది?"

"కారు డోర్‌లో పడింది."

"మీరూ ఆడేవారా?"

బ్రెంట్ నవ్వాడు. "కాలేజీలో. అయితే అవతలి వైపు, డిఫెన్స్. ఇలాంటి గోడల్ని పట్టుకుని, లాగి, పక్కకి విసిరెయ్యడమే నా పని. మోకాలు చచ్చి ఆగిపోయాను. లేకపోతే మీరు ఇప్పుడు నా ఆటోగ్రాఫ్ అడిగేవారు."

"నిన్న రాత్రి ఎక్కడున్నారు?"

"నా గదిలో. ఫోన్ మీద ఫోన్. డ్రాఫ్ట్ ముందు రోజు ఏజెంట్‌కి ఊపిరాడుతుందా?"

దేదీప్య వాళ్ళను కారిడార్లోకి పంపింది. ఎదురుగా డెషాన్ బాత్రూమ్‌లోంచి వస్తున్నాడు.

కోల్ ఆగాడు.

"ఎందుకు చంపావురా? ముసలాయన నీకేం చేశాడు?"

"ఇంకోసారి అను."

"ఎందుకు చంపావు?"

డెషాన్ ఐస్ కట్టు ఊడిపోయింది. వాడు వంగి, కోల్ మీదికి దూకాడు. రెండు లారీలు గుద్దుకున్నట్టయింది. నాలుగు అరచేతులు ఒకరి ఛాతీని ఒకరు బాదాయి. వాటర్ కూలర్ పడి పగిలింది. కోల్ చొక్కాకి తగిలించుకున్న నల్లకళ్ళద్దాలు పిండైపోయి నేల మీద రాలాయి. డెషాన్ నోట్లోంచి నెత్తురు కారుతోంది. అయినా చేతులు ఛాతీ మీదే. కొట్టడం, నెట్టడం, మళ్ళీ కొట్టడం. ముగ్గురు పోలీసులు వేలాడితే గానీ విడిపోలేదు.

"చూశావా?" అన్నాడు పావ్లక్. "మృగం."

దేదీప్య కోల్‌ని చూస్తోంది. వాడి ఎడమ చెయ్యి భుజం నుంచి తడిగుడ్డలా వేలాడుతోంది. వేళ్ళు కదలడం లేదు. వాడు కుడిచేత్తో దాన్ని పట్టుకుని, ఎవరూ చూడకుండా ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. బ్రెంట్ చూశాడు. వెంటనే ముందుకు జరిగి వాడికి అడ్డంగా నిలబడ్డాడు.

* * *

ఫార్మింగ్టన్ హిల్స్‌లో డాక్టర్ ఇల్లు. ఆయన భార్య ఆండాళ్ తలుపు తీసింది. పొయ్యి మీద నిన్నటి రసం అలాగే ఉంది. దింపడానికి ఆమెకు చేతులు రాలేదు.

"కూర్చో అమ్మా. తెలుగమ్మాయిని పంపారు, అదొక నయం. పొద్దుట్నించీ ఇంగ్లీషులో ఏడవలేక చస్తున్నా."

"ఆంటీ, నిన్న అంకుల్ ఏమైనా అన్నారా?"

"ఆరున్నరకి ఫోన్ చేశారు. రసం కాచాను, తొందరగా రండి అన్నాను. 'ఒక కుర్రాడి మెడ చూశాను ఆండాళ్, అస్సలు బాగాలేదు' అన్నారు. ఇంకొక్క దెబ్బ గట్టిగా తగిలితే మెడ కింద ఏదీ కదలదట. ఇరవై రెండేళ్ళవాడు!"

దేదీప్య ముందుకు వంగింది. "మోకాలు కాదా? మెడేనా?"

"మెడే. మోకాలి కుర్రాడు గుర్రంలా ఉన్నాడు, ఊరికే భయపడుతున్నాడు అని కూడా అన్నారు."

"మెడ ఎవరిది?"

"పేర్లు చెప్పరమ్మా. ముప్పై ఏళ్ళలో ఒక్క పేషెంటు పేరు చెప్పి ఎరగరు. ఆ కుర్రాడి తరఫు మనిషిని హాలుకి రమ్మన్నానన్నారు. చెడ్డ కబురు ఫోన్లో చెప్పకూడదని ఆయన పట్టింపు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. ముందు ఇంటివాళ్ళకి, తర్వాతే టీమ్‌కి. ఆ తల్లి టీవీలో వింటే ఏమైపోతుంది అన్నారు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసి అడిగింది. "ఆయన చదివే కళ్ళజోడు ఇచ్చేస్తారా? చొక్కా జేబులోనే ఉంటుంది. పగిలిపోయినా సరే."

దేదీప్య అక్కడికక్కడే ఎగ్జామినర్‌కి ఫోన్ చేసింది.

"జేబులో కళ్ళజోడుందా?"

"ఉంది. రిమ్ లేని పల్చటి అద్దాలు."

"పగిలాయా?"

"గీత కూడా పడలేదు. అన్నట్టు, చంక కుట్టులో విరిగిన గోరు ముక్క దొరికింది. డీఎన్‌ఏకి రెండు వారాలు పడుతుంది. లైన్‌లో ఆడేవాళ్ళకి విరగని గోరే ఉండదట, కాబట్టి ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు."

"ఛాతీ మీద దెబ్బ?"

"ఒక్కటి కూడా లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత లేచి స్టవ్ దగ్గరికెళ్ళి, రసం గిన్నె దింపి, మూత పెట్టింది.

"కళ్ళజోడు తెచ్చి నా చేత్తో ఇస్తాను ఆంటీ."

* * *

మూడూ ఇరవై. అదే హాలు. శవం లేదు, కడ్డీ మీద మరక ఉంది.

హౌజర్ ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో టమ్స్ అనే కడుపుమంట గోళీల సీసా పట్టుకుని తిరుగుతున్నాడు. డెషాన్ పక్కన ఇద్దరు పోలీసులు. కోల్ పక్కన బ్రెంట్. పావ్లక్ బేడీలు వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

"మిస్టర్ హౌజర్," అంది దేదీప్య, "నాకు ఆట తెలీదు. ఈ కుర్రాళ్ళు ఎదుటివాణ్ణి జబ్బలు పట్టుకుని ఎందుకు ఆపరు?"

"అది హోల్డింగ్ అమ్మా. పక్కల నుంచి పట్టుకుంటే రిఫరీ జెండా విసురుతాడు. పది గజాలు వెనక్కి. మ్యాచ్‌లు పోతాయి, ఉద్యోగాలు పోతాయి. పద్నాలుగో ఏడు నుంచీ కోచ్‌లు వీళ్ళ చెవుల్లో అరిచేది ఒకటే. చేతులు లోపలికి! ఛాతీ మీద కొట్టు, పట్టుకోకు. నిద్రలో పెళ్ళాన్ని నెట్టినా ఛాతీ మీదే నెడతారు."

"అది ఆటలో," అన్నాడు పావ్లక్. "కోపమొస్తే ఎవడు ఏం పట్టుకుంటాడో ఎవడికి తెలుసు?"

"కోపంలోనే చూశాను సర్, మీరూ చూశారు. పొద్దున వీళ్ళిద్దరూ చంపుకునేలా కొట్టుకున్నారు. ఒక్కడైనా జబ్బ పట్టాడా? కోల్ ఛాతీ మీది అద్దాలు పిండైపోయాయి." ఆమె జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి ఎత్తి పట్టుకుంది. "ఇవి డాక్టర్ గారి చొక్కా జేబులోవి."

అద్దాలు ట్యూబ్‌లైట్ వెలుగులో మెరిశాయి.

పావ్లక్ బేడీలు తిప్పడం ఆపాడు.

"ఈ ఇద్దరిలో ఎవడు చంపినా ముందు పగిలేవి ఇవే. చంపినవాడు అసలు ఛాతీ ముట్టుకోలేదు. రెండు పక్కలా పట్టుకున్నాడు, లాగాడు, విసిరాడు. అలా నేర్చుకున్నవాళ్ళు అవతలి వైపు ఆడతారు. మిస్టర్ కసాడా, నిన్న డాక్టర్ మిమ్మల్ని ఏం చెప్పడానికి పిలిచారు?"

"నన్నెవరూ పిలవలేదు!"

"కోల్, నీ ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యి."

కోల్ తియ్యలేదు. వాడి కళ్ళు నిండాయి.

"ఎన్నాళ్ళ నుంచి అలా?"

"నవంబర్... అప్పుడప్పుడు. బ్రెంట్ అన్నాడు, నరం జివ్వుమంటుంది అంతే, అందరికీ ఉంటుందని."

"డాక్టర్ అన్నది వేరు. ఇంకొక్క దెబ్బ పడితే నీ మెడ కింద ఏదీ కదలదు. ఆ మాట టీమ్ కంటే ముందు మీవాళ్ళకి మర్యాదగా చెప్పాలనుకున్నారు. ఆ మర్యాదకే చచ్చిపోయారు. మిస్టర్ కసాడా, ఆ ప్లాస్టర్ విప్పండి. మీ గోట్లో సగం మా ల్యాబ్‌లో ఉంది."

బ్రెంట్ ప్లాస్టర్ విప్పలేదు. దూకాడు.

రెండు చేతులూ దేదీప్య జబ్బల్లోకి దిగాయి. బొటనవేళ్ళు ముందు, మిగతావి వెనక. ఆమె కాళ్ళు నేల విడిచాయి. హాలు గిర్రున తిరిగింది. వీపు ఇనుముకి తగిలి ఊపిరి ఆగినంత పనైంది. చెవి పక్కనే కడ్డీ.

"ఇరవై ఏళ్ళు!" వాడు అరుస్తున్నాడు. "ఇరవై ఏళ్ళు వెతికితే దొరికాడు ఒక్కడు! ఒక్కడు!"

మళ్ళీ ఎత్తాడు.

కోల్ భుజం వంచి పరుగు మొదలుపెట్టాడు. వాడికి అడ్డంగా డెషాన్ చెయ్యి పడింది.

"నువ్వు కదలకు. మెడ!"

డెషాన్ రెండడుగులు వేశాడు. దేదీప్యకీ బ్రెంట్‌కీ మధ్య సందులోంచి రెండు అరచేతులు దూర్చి, వాడి ఛాతీ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. బ్రెంట్ ఎగిరి ప్లాస్టిక్ గడ్డి మీద వెల్లకిలా పడి, గాలి కోసం చేపలా నోరు తెరిచాడు. పావ్లక్ వాణ్ణి బోర్లా తిప్పి, వీపు మీద మోకాలు మోపి బేడీలు వేశాడు.

దేదీప్య కడ్డీ పట్టుకుని లేచింది. జబ్బలు మండుతున్నాయి.

"దెబ్బ తగిలిందా మేడమ్?" డెషాన్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఇప్పుడు నన్ను దీనిక్కూడా అరెస్ట్ చేస్తారా?"

"నోర్మూసుకుని మోకాలికి ఐస్ పెట్టుకో," అన్నాడు పావ్లక్, వాడి వైపు చూడకుండా.

* * *

నాలుగున్నరకు హౌజర్ ఫోన్ మోగింది. అవతల టీమ్ ఓనర్. హౌజర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా వెతికిన జవాబు రెండు క్షణాల్లో చెప్పాడు.

"మాబ్రీ."

డెషాన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఈసారి అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

పది నిమిషాలకు కోల్ ఫోన్ మోగింది. ఏదో దూరపు ఊరి టీమ్ నంబర్. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని మోగనిచ్చాడు. ఎత్తమనడానికి గానీ వద్దనడానికి గానీ దేదీప్యకు హక్కు లేదు. ఫోన్ ఎత్తకపోయినా వాళ్ళు టీవీలో పేరు పిలిచి వాణ్ణి ఎంచుకుంటారు. ఎత్తి ఊరుకున్నా పిలుస్తారు. చచ్చిపోయిందెవరో పోలీసులు టీవీవాళ్ళకి ఇంకా చెప్పలేదు, ఆ ఊరికి తెలీదు.

కోల్ స్పీకర్ నొక్కాడు.

"కోల్! నెక్స్ట్ వంతు మాది. మాతో ఆడతావా బాబూ?"

"సర్, నా పేరు పిలవకండి. నా మెడ బాగాలేదు."

అవతల గుసగుసలు. "ఎవరు చెప్పారు? మీ ఏజెంట్ మొన్న కూడా ఫస్ట్ క్లాస్ అన్నాడే."

"డాక్టర్ చెప్పారు. డాక్టర్ ధర్మారావు." పేరు పలకడానికి వాడు రెండుసార్లు తడబడ్డాడు.

"టైమ్ లేదు. ఆయనకి ఫోన్ ఇవ్వు, మా డాక్టర్ మాట్లాడతాడు."

కోల్ కడ్డీ వైపు చూశాడు. గడ్డి మీద కూర్చున్నాడు.

"హలో? కోల్? డాక్టర్ ఎక్కడున్నారు?"

డెషాన్ వెళ్ళి వాడి పక్కనే కూర్చున్నాడు. ఫోన్ తీసుకుని కట్ చేసి, వాడి వేలాడుతున్న ఎడమ చేతిని ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.