తెగింది నరం కాదు

కూర్మన్నపాలెం జంక్షన్ దాటాక కాలువ గట్టున స్కూటర్ ఆపకూడదని శ్రీసత్యకి తెలుసు. కానీ వాన జోరుకి కళ్లద్దాల్లోంచి ఏమీ కనపడక ఆపింది. కిళ్లీకొట్టు చూరు కిందికి వెళ్లి వెనక్కి తిరిగేసరికి, స్టాండు కింద మట్టి కరిగి, స్కూటర్ నిద్రకి పడుకునే మనిషిలా మెల్లగా కాలువలోకి ఒరిగింది.

అది నాన్న స్కూటర్. ఆయన దాని మీదే స్టీలు ప్లాంటుకి వెళ్లేవారు. పోయి ఏడాది కాలేదు. ఇప్పుడు దాని మీదే ఆమె హైస్కూలుకి వెళ్లి జీవశాస్త్రం చెబుతోంది.

హ్యాండిల్ పట్టుకుని లాగుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు.

"మేడం, ఏటిది? అది పైకి రాదు, మీరు కిందికెల్తారు."

"ఏటిలో కాదండీ, కాలవలో పడింది. సాయం చేస్తారా, చూస్తూ నిలబడతారా?"

"గోదారోళ్లేటి మీరు?"

"ఎలా తెలిసింది?"

"మునిగిపోతన్నా ఎటకారం తగ్గనేదు."

అతని పేరు నాగవంశీ. పోర్టులో ఓడల్ని లాగే టగ్ పడవ మీద లాస్కర్. వచ్చే ఓడలకి తాళ్లు అందించి కట్టే పని. పక్కనే గొడుగుతో ఉన్న స్నేహితుడు అబ్బులు ముందుకొచ్చాడు.

"ఉండు బావా, నానూ ఒక సెయ్యేత్తాను."

"ఒద్దు బావా. ఓడల్నే లాగుతాం, ఇదెంత?"

అన్నాడు గానీ, అతను చూస్తున్నది స్కూటర్ వైపు కాదు. కుడిచేత్తో పట్టుకుని ఎత్తాడు. సగం పైకొచ్చిన స్కూటర్ ఒక్కసారిగా జారింది. బరువంతా వంగిన మోచేతి మీద పడింది. వాన చప్పుడులోనూ 'టప్'మని వినిపించింది.

అతను వదల్లేదు. ఎడమచేత్తో పట్టుకుని గట్టెక్కించాకే నిటారుగా నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది?"

"ఏటీ నేదు."

తడిసిన చొక్కా కింద అతని దండ కండ మోచేతిని విడిచి భుజం వైపు ముద్దలా ఎగబాకి ఉంది. శ్రీసత్య చూసింది.

"ఏమీ లేకపోవడం కాదు. పదండి, ఆస్పత్రికి."

స్కాన్ చూసి డాక్టర్ జ్యోతిర్మయి చకచకా ఇంగ్లీషులో చెప్పింది. కండని ఎముకకి కలిపే టెండన్ మోచేతి దగ్గర ఊడిపోయింది. ఆపరేషన్ చేసి మళ్లీ అతికించాలి. రెండు మూడు వారాలు దాటితే అది ముడుచుకుపోయి, లాగినా ఎముకకి అందదు. సోమవారం రండి.

నాగవంశీ తల్లి కనకరత్నం శ్రీసత్య వైపు తిరిగింది. "ఏటంటందమ్మా?"

"నరం తెగిందండీ. ఆపరేషన్ చేసి కలుపుతారట."

సులువుగా అర్థమవుతుందని అలా చెప్పింది. ఆవిడ కొడుకు కుడిచేతి వైపే చూసింది.

సోమవారం స్కూలుకి సెలవు పెట్టి శ్రీసత్య ఆస్పత్రికి వెళ్లింది. వాళ్లు రాలేదు. అబ్బులుకి ఫోన్ చేసింది.

"ఆనందపురం ఎల్లిపోనారు మేడం. అక్కడెవరో పసరేసి కట్టు కడతారంట."

"ఆపరేషన్?"

"నరం ఆపరేషనంటే సెయ్యి పడిపోద్దంట. ఆళ్ల మావయ్య సన్యాసిరాజుకి అలాగే అయ్యిందంట."

ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నరం. రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండని ఎముకకి కట్టేదీ నరమే అంటారు జనం. పరీక్షలో పిల్లలు అలా రాస్తే ఆమె మార్కులు తీసేస్తుంది. మొన్న ఆ మాట తనే అంది.

ఆమె ఆనందపురం బస్సెక్కింది.

కట్టు కట్టే ఇంటి అరుగు మీద తల్లీ కొడుకూ తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. శ్రీసత్యని చూసి నాగవంశీ లేచాడు.

"మేడం, మీరేటి ఇక్కడ?"

"మీ నరం తెగలేదు."

"నువ్వే సెప్పావు గదమ్మా!" అంది కనకరత్నం.

"తప్పు చెప్పానండీ." నాగవంశీ కుడిచేతి వేలు అందుకుని గట్టిగా గిల్లింది.

"అబ్బా! పగబట్టీసారేటి మేడం?"

"నొప్పి తెలిసింది కదా? నరం బాగానే ఉంది. ఊడింది తాడు. ఓడ తాడు రేవు గుంజ నుంచి ఊడితే ఏం చేస్తారు మీరు? గుంజకి పసరు రాస్తారా?"

వరసలో ఉన్న ఎవరో కిసుక్కున నవ్వారు. నాగవంశీ నవ్వలేదు.

"మళ్లీ కడతాం."

"ఎప్పుడు?"

"అప్పుడే. ఆలీసమైతే ఓడ దూరం పోద్ది..." తన మాట తనకే వినిపించినట్టు ఆగి, తల్లి వైపు చూశాడు.

"సెయ్యి పోతే?" అంది కనకరత్నం.

"పోదని నేను మాటివ్వలేను. ఆపరేషన్ చేసి కట్టకపోతే మాత్రం తాళం తిప్పే బలం, తాడు బిగించే బలం చాలావరకు పోతుంది. టగ్ మీద పని ఇక కుదరదు."

ఆవిడ శ్రీసత్య ముఖంలోకి చూసింది. "నీకు అబద్దమాడ్డం రాదేటమ్మా?"

"మొన్న తెలియక ఒకటి చెప్పాను. దానికే ఇంత దూరం బస్సెక్కాల్సి వచ్చింది."

కనకరత్నం చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. "పదరా."

ఆపరేషన్ గడువులోనే జరిగింది. మోచేతి కింద చిన్న కోత పెట్టి, ఊడిన కొస వెతికి పట్టుకుని, ఎముకకి రంధ్రం చేసి, చొక్కా గుండీకన్నా చిన్న లోహపు బిళ్లతో బిగించారు. మత్తు వదలగానే నాగవంశీ అడిగాడు.

"మేడం, గుంజకి కట్టారా?"

"కట్టారు."

"ఏ ముడేసారు?"

"అడగలేదు."

"అడగాలి కదేటి!"

తర్వాత రోజులు చిన్న చిన్న పనులతో నిండిపోయాయి. మోచెయ్యి కాస్త వంచడం, కాస్త చాపడం. అరచెయ్యి ఆకాశం వైపు తిప్పడం. అన్నిటికన్నా అదే కష్టం. స్కూలయ్యాక శ్రీసత్య వచ్చి, పేపర్లు దిద్దుకుంటూ అతని పక్కన కూర్చునేది.

"బకెట్టు ముట్టుకోకు."

"ఎడంసేత్తోనే గదా!"

"ఆ కళ్లు కుడిచేతి వైపు చూస్తున్నాయి."

"కళ్లు ఎటు సూత్తన్నాయో నీకెలా తెలుసు? పేపర్లు కదేటి దిద్దుతన్నావు?"

ఆమె ఎర్రపెన్ను ఒకటికి బదులు రెండు సున్నాలు చుట్టింది.

ఒక సాయంత్రం అతను నవ్వకుండా అడిగాడు.

"సత్యా, నువ్వు రోజూ ఎందుకొత్తన్నావు?"

ఆమె దేనికైనా సరైన మాట వెతుక్కుని చెప్పే మనిషి. వెతుక్కుంటోంది. ఆ ఆలస్యాన్ని అతను మరోలా అర్థం చేసుకున్నాడు.

"నీ స్కూటర్ వల్ల సెయ్యి పోనాదని వత్తన్నావు. అలాగైతే రావద్దు. దీన్ని నాను బాగు సేసుకుంటాను. నీకు ఆ బరువు ఉండకూడదు."

"చెప్పడానికి నాకు కాస్త టైమివ్వాలి."

"ఇత్తన్నాను. సెయ్యి బాగయ్యేదాకా."

ఆమె పేపర్లు సంచిలో పెట్టుకుని లేచింది.

ఖాళీ సాయంత్రాలు ఆమెకి కొత్త కాదు. నాన్న పోయాక అవి అలవాటయ్యాయి. ఇవి వేరు. నాన్న ఇక రారు. ఇతను మూడు వీధుల అవతల, మొండిగా, అరచెయ్యి తిప్పుతూ ఉన్నాడు. గడువు తనే అడిగింది. అతను ఇచ్చాడు. అడిగినందుకు రోజూ తనని తనే తిట్టుకుంది.

అబ్బులు మాత్రం అడక్కుండానే ఫోన్ చేసేవాడు.

"మేడం, ఇయ్యాల గరిటె తిప్పాడు."

"నేనడిగానా?"

"అడగనేదు. పెట్టీమంటారా?"

ఆమె ఫోన్ పెట్టలేదు.

"ఏం గరిటె?"

"పులుసు గరిటె. బరువైందే."

నెలలు గడిచాయి. డాక్టర్ పరీక్షించి, ఇక పనికి వెళ్లొచ్చని చెప్పింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఫోన్ మోగింది. ఇంజను హోరులో అబ్బులు అరిచాడు.

"మేడం! ఓడ కట్టీసాడు! కుడిసేత్తోనే!"

"నొప్పి?"

"ఏటీ నేదు. ఏడుత్తన్నాడు గానీ, గాలికంటన్నాడు."

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని, గంట కొట్టగానే క్లాసుకి వెళ్లింది. ఆ రోజు పిల్లలెవరికీ మార్కులు తగ్గలేదు.

ఆదివారం ఆ ఇంటి ముందు స్కూటర్ ఆపింది. దారి పొడవునా మూడు వాక్యాలు సిద్ధం చేసుకుంది. మూడూ మంచివే. కనకరత్నం తలుపు తీసింది.

"రా తల్లీ. ఇన్నాల్లకా! ఆడి సెయ్యి బాగయిపోనాది, ఇంక బయం నేదు. ఏటి పనిమీదొచ్చావు?"

మూడు వాక్యాలూ ఎటో పోయాయి.

"పనేం లేదండీ. ఊరికే వచ్చాను."

కనకరత్నం ఆమెని తలనుంచి పాదాలదాకా చూసింది. ముందు కళ్లు నవ్వాయి, తర్వాత ముఖమంతా నవ్వింది. ఆమె చెయ్యి పట్టుకునే లోపలికి తిరిగి, వీధంతా వినేలా కేకేసింది.

"ఒరే వంశీ! సొక్కా ఏసుకుని రారా! కోడలు ఊరికే వచ్చిందంట!"