తోక మీద తెల్ల పట్టీ

డోన్ జంక్షన్‌లో గుంతకల్ పాసింజరు ఆగేటప్పటికి, విమానాల క్యాంపు నుంచి కబురు పెట్టిన కూలీ బొజ్జన్న తాను చెప్పిన చోటే నిలబడి ఉన్నాడు. చేతిలో నన్నారి సోడా గ్లాసు, గోళ్ల సందుల్లో ఎండిపోయిన తెల్లరంగు. అదే గుర్తు.

ఉరుకుందప్ప చీరల మూట భుజానికెత్తుకుని రైలు దిగాడు. మద్రాసు పోలీసు స్పెషల్ బ్రాంచి ఆయనకు ఎన్నో వేషాలు వేయించింది గానీ ఈ వేషానికి మాత్రం అద్దం ముందు నిలబడే పని లేదు. ఆయన తండ్రి ఎమ్మిగనూరులో మగ్గం నేసి, నేసిన చీరలు మూటగట్టి ఊరూరా తిరిగినవాడే. నలభై ఆరేళ్లకు తండ్రి మూట కొడుకు భుజానికెక్కింది.

బొజ్జన్న ఆయన్ను చూశాడు. గ్లాసు చివరిదాకా తాగి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. గ్లాసు జారి పగిలింది, మోకాళ్లు మడతపడ్డాయి. ఉరుకుందప్ప దారినపోయేవాడిలా పరుగెత్తి తల ఒళ్లో పెట్టుకున్నాడు. పెదవుల మీద నురగ.

"ముగ్గురా..." అన్నాడు బొజ్జన్న. తర్వాతి మాట నురగలో కలిసిపోయింది.

"ఎండదెబ్బ పాపం" అన్నారెవరో. "మార్చిలోనే ఇట్లుంటే ముందుముందు ఎట్లప్పా!"

ఉరుకుందప్ప తలెత్తి చూశాడు. సోడా బండి ఉంది, ఐసు ముక్క కరుగుతూ ఉంది. సోడా పోసినవాడు లేడు.

శవాల లెక్క ఆయన ఎప్పుడో మానేశాడు. కళ్లు మూసి, పైపంచె మొహం మీదికి లాగి, మూట ఎత్తుకున్నాడు.

* * *

స్టేషను పక్క పట్టాల మీద, సైడింగ్‌లో ఆగివున్న దొరల సెలూన్ బోగీలో మేజర్ కార్వెల్ ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఇంటెలిజెన్సు పని చేసి చేసి ఆయనకు కూడా కళ్ల కింద సంచులు దిగాయి.

"చచ్చాడా?"

"చచ్చాడు సార్. సైనైడ్. నన్నారిలో కలిపారు."

"ఏమన్నా చెప్పాడా?"

"ముగ్గురని."

"ముగ్గురు మనుషులు. మూడు విమానాలు. సరిపోయింది." మేజర్ బల్లమీది ఫోటో ఇటు తిప్పాడు. "హరికేన్. ఇంగ్లండు ఆకాశంలో 1940లో దీని పేరు మోగిపోయింది. అప్పుడు ఎనిమిది మెషిన్‌గన్లు, తర్వాత పన్నెండు. ఇప్పుడు నాలుగు కానన్లు, రెక్కల కింద బాంబులు. ప్రతి ఏడూ దీని నెత్తిన కొత్త బరువు. జర్మన్ ఫైటర్లతో పోటీపడే వయసు దాటిపోయింది. బర్మాలో నేలమీది శత్రువును కొట్టడానికి మాత్రం ఇప్పటికీ ఇదే దిక్కు."

ఉరుకుందప్ప ఫోటో చూశాడు. ముక్కు కింద దుమ్ము ఆపే ఫిల్టరు గడ్డంలా వేలాడుతోంది. ఆ ముసలి విమానం మీద ఆయనకు ఎందుకో జాలి కలిగింది.

"మీ ఎర్రదుమ్ములో ఇంజన్లు పరీక్షించడానికే ఇక్కడ విమానాలు దిగే స్ట్రిప్ కట్టాం. ఈ నెలలో మూడు కూలాయి. ఇంజన్ ఓకే, పెట్రోల్ ఓకే. మామూలుగా ఎగిరితే ఏమీ కాదు. తలకిందులుగా డైవ్ కొట్టినప్పుడే. మూడో పైలట్ చివరిమాట ఒకటే: తోక వణుకుతోంది. రేపు పదకొండింటికి మళ్లీ డైవ్ టెస్ట్. పాసైతే పన్నెండు విమానాలు బర్మాకు. లేకపోతే అక్కడ మన సైన్యానికి నెత్తిమీద గొడుగు ఉండదు."

"పైలట్ ఎవరు సార్?"

"ఫ్లయింగ్ ఆఫీసర్ గురుస్వామి. మీవాడే, రాయచోటి. ఇంకొకటి. నాటకాల రత్నమాల డోన్‌లోనే ఉంది. మన ఏజెంట్. అవతలివాళ్లకూ ఏజెంటే. ఎవరికి ఎక్కువో తేల్చు."

వెళ్లేముందు మేజర్ ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. క్యాప్ తిప్పి నొక్కితే ఒక గుండు పేలుతుంది. లండన్ సరుకు. ఉరుకుందప్ప బయటికొచ్చి క్యాప్ తిప్పి చూశాడు. దుమ్ముకు అప్పుడే పట్టేసింది.

సాయంత్రానికి, ముగ్గురన్న మాట పట్టుకుని మిలిటరీ పోలీసులు క్యాంపులో ముగ్గురు కూలీలను పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. వాళ్లకు ఏమీ తెలియదని ఉరుకుందప్పకు చూడగానే తెలిసింది. ఆ సంగతి చెప్పినా ఎవరూ వినలేదు.

* * *

మర్నాడు పొద్దున్నే బొజ్జన్న ఇంటికి వెళ్లాడు. డోన్ శివార్లో పదిపన్నెండు బండపరుపు ఇళ్లు. ప్రతి వాకిట్లోనూ ముగ్గు వెన్నెల పరిచినట్టు తెల్లగా మెరుస్తోంది. బొజ్జన్న వాకిలి ఒక్కటే బోసిగా ఉంది. చావింట్లో ముగ్గెవరు వేస్తారు?

గడపలో బొజ్జన్న తల్లి గిడ్డమ్మ కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి కళ్లు ఎండిపోయాయి.

"చీరలొద్దు నాయనా, పో."

"అమ్మనీకి రాలేదవ్వా. మీ వాడు నాకు ఎరుక." ఉరుకుందప్ప మూట దించి నేలమీద కూర్చున్నాడు. ఏం అడగాలో తోచలేదు. ఊరికే అన్నాడు: "మీ వీధిలో ముగ్గులు శానా తెల్లగుండాయి."

"నా కొడుకు తెచ్చి అందరికీ పంచినాడప్పా." ఆమె బోసి వాకిలి వైపు చూసింది. "బేతంచెర్ల గని దొర పంపే ముగ్గురాయి పొడి. క్యాంపులో విమానం తోకకు తెల్లరంగు పూస్తారు గదా, దాంట్లో కలపమన్నాడంట ఆ దొర. రంగు చిక్కగ వస్తాదని. మిగిలింది ఇంటికి తెచ్చెటోడు. ఆ మూడో విమానం పడినాంక అన్నం మానేసినాడు. నేనేం జేస్తినో నాకే తెలీదమ్మా అనేటోడు."

బొజ్జన్న నోట ఆగిపోయిన మాట ఉరుకుందప్పకు ఇప్పుడు పూర్తిగా వినిపించింది.

ముగ్గురు కాదు. ముగ్గురాయి.

గడప మూలనున్న సంచిలో ఇంకా కాస్త పొడి ఉంది. గుప్పెడు తీసుకున్నాడు. సున్నం గుప్పెడైతే గాలికి పోయేంత తేలిక. ఇది ఇనుప గుండులా అరచేతిని కిందికి లాగింది. మన ఫిరంగులు మన విమానాల్నే కాల్చకుండా గుర్తు కోసం తోకకు తెల్ల పట్టీ వేయమని ఈ మధ్యే ఆర్డరు వచ్చింది. కదిలే తోకరెక్క గుడ్డతో చేసింది. నగల తక్కెడలాగా సరితూగాలి. దాని వెనక అంచుకు ఈ పొడి కలిసిన రంగు రెండు మూడు పూతలు పడితే ఇక తూకమెక్కడ? నింపాదిగా పోతే తట్టుకుంటుంది. తలకిందులుగా దూకితే వణికి వణికి విరిగిపోతుంది.

"అవ్వా, నీ కొడుకు తెలిసి చేయలే" అన్నాడు లేస్తూ. ఆమె అడగలేదు. అయినా ఆ మాట చెప్పకుండా కదల్లేకపోయాడు.

* * *

నాటకాల కంపెనీ పత్తిమిల్లు షెడ్డులో దిగింది. రత్నమాల ట్రంకుపెట్టె మీద కూర్చుని జడ విప్పుకుంటోంది. కడప నుంచి బళ్లారి దాకా ఆమె పద్యం ఎత్తితే జనం బండ్లు కట్టుకొచ్చేవాళ్లు. పట్టుచీర, మద్రాసు సెంటు, ముక్కుకు ఎర్రరాయి. అసలు పేరు మద్దమ్మ, ఊరు రాజంపేట.

"జొన్నకంకి అంచు చీర ఉండాదా అప్పా?" అంది పైకి.

"జొన్నలు యాడివమ్మా, ఇది ఆరికల కాలం."

కోడ్ సరిపోయింది. ఆమె తోటివాళ్లను బయటికి పంపింది. ఉరుకుందప్ప అరచెయ్యి తెరిచి పొడి చూపించాడు. ఆమె మొహంలో నాటకం మొత్తం రాలిపోయింది.

"బొజ్జన్న కబురు నా చేతి మీదనే పోయినాది. వాడు నిన్ను కలుస్తాడని కెల్లరుకు చెప్పింది నేనే" అంది. "బెదిరిస్తాడనుకున్నా. సంపుతాడనుకోలేదన్నా."

కెల్లర్ అంటే గని దొర. స్విట్జర్లాండు ఇంజనీరునని చెప్పుకుంటాడు. నిజానికి బెర్లిన్ మనిషి, ఇప్పుడు టోక్యో దుడ్లు తింటున్నాడు.

"ఎందుకు చేసినావు మద్దమ్మా?"

"మా తమ్ముడు." ఆమె గొంతు తగ్గింది. "తెల్లోళ్ల పటాలంలో సిపాయిగా పోయి సింగపూర్‌లో జపానోళ్లకు పట్టుబడినాడు. ఇప్పుడు ఆజాద్ హింద్ ఫౌజులో బర్మాలో ఉండాడంట. బతికుండాడా లేదా అని నెలకొకసారి కెల్లరు రేడియోలో అడిగి చెప్తాడు. దానికోసరం చేసినా. ఆ విమానాలు బాగుంటే పోయి నా తమ్ముని మీద కాలుస్తాయి. బాగలేకుంటే ఈడ ఈ పిల్లోళ్లు సస్తారు. మొన్న పడిపోయినోడు ముందురోజే మా నాటకానికొచ్చి, పద్యం మళ్లీ పాడమన్నాడు. నన్నేం జేయమంటావో నువ్వే చెప్పు."

ఉరుకుందప్ప పొడిని పంచె కొంగులో ముడేసుకున్నాడు. నలభై రెండు ఉద్యమంలో ఆయన తన చేతుల్తో జైలుకు పంపినవాళ్లలో చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన అయ్యవారున్నాడు. ఆ రోజు నుంచీ ఆయనకు జవాబులు దొరకడం లేదు.

"ఈ పొద్దు ఎగిరేటోడు రాయచోటి పిల్లోడు" అన్నాడు. "పదకొండింటికి."

ఆమె గోడ గడియారం చూసి లేచి నిలబడింది.

"క్యాంపు టెలిఫోను పలకదు. వైరు తెంపినారు. కెల్లరు స్టేషన్‌లో ఉండాడు, గుంతకల్ బండికి. ఆడ నుంచి బొంబాయి."

"ఇద్దరి దగ్గరికీ నేనొక్కన్నే పోలేను."

"నువ్వు విమానం కాడికి పో. మా కంపెనీ బస్సుండాది. దొరను నేను ఆపుతా."

ఉరుకుందప్ప జేబులోంచి పెన్ను తీశాడు. "పేలుతుందో లేదో నాకే తెలీదు. ఉంచుకో."

"నాకెందుకన్నా అది" అంది ఆమె. "నాకు గొంతుండాది."

* * *

పెట్రోలు కరువు వల్ల కంపెనీ బస్సు బొగ్గు గ్యాసుతో నడుస్తోంది. డ్రైవరు పుల్లయ్య పొయ్యి రాజేసి ఫ్యాను తిప్పేసరికే ఉరుకుందప్పకు సగం ప్రాణం పోయింది. తీరా కదిలాక మిట్ట వచ్చినప్పుడల్లా బస్సు ముక్కుతోంది.

"ఇంకా జోరుగా పోదా పుల్లన్నా?"

"నువ్వు దిగి తోస్తే పోతాది సామీ."

రెండు మిట్టల దగ్గర నిజంగానే దిగి తోశాడు. మూడో మిట్ట మీదికి ఎక్కేసరికి ఆకాశంలో ఇంజను మోత వినిపించింది. హరికేన్ అప్పటికే లేచిపోయింది. ఎండలో దాని తోక తెల్లగా తళుక్కుమంటూ పైకి పైకి పోతోంది.

గేటు దగ్గర సెంట్రీ తుపాకి అడ్డం పెట్టాడు. "ఏయ్, చీరల సాయిబూ! యాడికి?"

"స్పెషల్ బ్రాంచ్! అబార్ట్ ద టెస్ట్!" అని అరిచాడు ఉరుకుందప్ప. మాసిన పంచె కట్టుకున్న మనిషి నోట ఆ ఇంగ్లీషు విని సెంట్రీ బిత్తరపోయాడు. అయినా మూట పట్టుకుని వదల్లేదు. ఉరుకుందప్ప మూటను అతని చేతుల్లోనే వదిలేసి పరుగెత్తాడు. ముడి ఊడి ఎమ్మిగనూరు చీరలన్నీ గాలికి రన్‌వే మీద పరుచుకున్నాయి.

కంట్రోల్ టెంటులో రేడియో ఆపరేటరు చెవులకు హెడ్‌ఫోన్లు. ఉరుకుందప్ప అరుపు వినగానే మైకు అందుకున్నాడు. "రెడ్ లీడర్, డైవ్ చేయొద్దు. రిపీట్, డైవ్ చేయొద్దు." అటునుంచి గరగర తప్ప ఏమీ లేదు.

పైన విమానం ఒక పక్కకు ఒరిగింది. ముక్కు కిందికి తిరిగింది.

బల్లమీద వెరీ పిస్టల్ ఉంది, ఆకాశంలోకి రంగు దీపం వదిలే తుపాకి. ఉరుకుందప్ప దాన్ని లాక్కుని బయటికొచ్చి ట్రిగ్గరు నొక్కాడు. తుస్సుమంది. ఆపరేటరు ఇంకో తూటా అందించాడు. విమానం రాయిలా దిగుతోంది, దాని కేక పెరుగుతోంది. రెండోసారి నొక్కాడు.

ఎర్రదీపం పట్టపగటి ఆకాశంలోకి లేచి పేలింది.

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత ఇంజను కేక మెల్లగా పల్చబడింది. ముక్కు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పైకి లేచింది. తోక వణకడం నేలమీదికే కనిపించింది. రన్‌వే చివర చక్రాలు తాకి, దుమ్ము లేపుకుంటూ పోయి, ఆగింది.

గురుస్వామి రెక్కమీది నుంచి దూకాడు. ఇరవై మూడేళ్లుంటాయేమో. మొహమంతా చెమట.

"ఎవరప్పా ఎర్రలైటు కొట్టినది?"

"నేనే నాయనా."

"ఇంకొంచేపు ఆలస్యమైంటే..." అని వెనక్కి తిరిగి తోకవైపు చూశాడు. తోకరెక్క అంచున గుడ్డ చీలి వేలాడుతోంది. అతను అక్కడే, ఆ మండే నేలమీదే కూర్చుండిపోయాడు. పక్కన ఉరుకుందప్ప కూడా కూర్చున్నాడు.

* * *

ఉరుకుందప్ప తిరిగొచ్చేసరికి డోన్ స్టేషన్‌లో కెల్లర్ మూడో తరగతి వెయిటింగ్ రూములో, చిరిగిన సూటుతో, ఊరి జనం మధ్య కూర్చుని ఉన్నాడు. ఒక బూటు లేదు. పక్కన అతని సూట్‌కేసు పగిలి ఉంది, లోపల ట్రాన్స్‌మిటర్.

"నా మెడలో గొలుసు తెంపినాడని అరిచినా" అంది మద్దమ్మ. "పద్యం ఎత్తినట్టే ఎత్తినా. ఊరంతా వచ్చిపడినారు." నవ్వబోయి నవ్వలేకపోయింది. "రంగు గీకేసినాంక అవి పోతాయి గదన్నా? నా తమ్ముడుండే కాడికి?"

"పోతాయి."

ఆమె తల ఊపింది. మద్రాసు వైపు బండి వచ్చేసరికి ఉరుకుందప్ప ఆమె ట్రంకుపెట్టె తానే ఎత్తి రైల్లో పెట్టాడు.

మేజర్ వచ్చి కెల్లర్‌ను చూసి సంతోషించాడు. తర్వాత అడిగాడు: "ఆ ఆడమనిషి? డబుల్ ఏజెంట్‌ను నేను వదలను."

"మీరు చెప్పకముందే జారిపోయింది సార్" అన్నాడు ఉరుకుందప్ప. దొరకు ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. తడబడకుండా వచ్చింది.

మేజర్ ఆయన మొహంలోకి చూసి, సరే అన్నట్టు పైపు వెలిగించుకున్నాడు. "నీకు రావు సాహెబ్ బిరుదుకు రాస్తాను. ఇంకేమన్నా కావాలా?"

"సెలవు సార్. నిద్రపోవాలి."

"యుద్ధం అయ్యాక, తప్పకుండా."

పన్నెండు హరికేన్లూ తెల్లరంగు గీకించుకుని వారంలో బర్మా వెళ్లాయి. మరుసటేడు మద్దమ్మ తమ్ముడు తెల్లవాళ్ల చెరనుంచి విడుదలై, ఒక చెయ్యి లేకుండా రాజంపేటలో రైలు దిగాడు. ఆ చెయ్యి తీసింది ఏ విమానం గుండో అతనికీ తెలియదు. ఉరుకుందప్ప అడగలేదు.

సెలవు సంగతంటారా, యుద్ధం అయ్యాక ఫైలు కదిలింది. మద్రాసు నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి మద్రాసుకి రెండేళ్లు తిరిగింది. చివరికి ఉరుకుందప్పకు ఆ సెలవు మంజూరు కాకముందే, మంజూరు చేయాల్సిన దొరలే మొత్తంగా సెలవు పుచ్చుకుని బొంబాయిలో ఓడెక్కారు.