నాలుగో మూల

ఏబెల్ పోయింది పదమూడో తేదీ, సోమవారం. అల్ రువైస్ రేవులో జెట్టీ మీంచి కాలు జారి పడ్డాడని కాగితాల్లో రాశారు. లాప్‌టాప్ మూసి, అతని కారులో ఉంది. పోయే ముందు షాపుకి పంపిన ఫైల్ ఒక్కటే మిగిలింది. ఒక చేపల కంపెనీ లోగో.

గురువారం మధ్యాహ్నం, అల్ తుమామాలో టీ కొట్టు ముందు ఆపిన కారులో నిత్యానందం అరుంధతితో మాట్లాడాడు. బయటికి ఆయన సైన్‌బోర్డుల షాపు యజమాని. అసలు పని గూఢచర్యం, అందులో ఆమెకు చీఫ్. ఆమె, ఏబెల్, ప్రతిమ అదే షాపులో డిజైనర్లు, ఆయన ఏజెంట్లు.

"రాడార్ ఇంజినీరు వేణుగోపాలరావును అవతలివాళ్ళు పడవెక్కించి దేశం దాటిస్తారు. ఎప్పుడో, ఎక్కడో ఏబెల్‌కి తెలిసింది. ఆ లోగోలోనే పెట్టి ఉంటాడమ్మా."

ఆ కోడ్ సులువైనదే. లోగో చుట్టూ ఉండే చతురస్రానికి మూల ఎంత గుండ్రంగా తిరిగితే అంత సంఖ్య. ఎడమ పై మూల తేదీ. తర్వాతివి గంట, జెట్టీ నంబరు. నాలుగోది, తమలో అమ్ముడుపోయిన ఏజెంటు నంబరు.

షాపులో ఏబెల్ కంప్యూటర్‌ని ఎవరూ లాగౌట్ చేయలేదు. అతని పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అరుంధతి ఆ కుర్చీలో కూర్చోలేక, నిలబడే ఫైల్ తెరిచింది.

నాలుగు మూలలూ ఇరవై నాలుగు.

"నేనే సమం చేశానక్కా," అంది ప్రతిమ. ఆమె సెంటు వాసన మాటకన్నా ముందే వచ్చింది. "ఒక్కో మూల ఒక్కో తీరుగా ఉంది. క్లయింటు చూస్తే నవ్వుతాడు. పాపం, జెట్టీ మీద కూచుని గీస్తూ గీస్తూనే పోయాడు కదా."

అరుంధతి తల తిప్పలేదు. "అవును, పాపం."

"టీ తేనా?"

"తే. చక్కెర మాఫీ, అసలు వద్దు."

ప్రతిమ నవ్వుకుంటూ వెళ్ళింది. అతను జెట్టీ మీద కూచుని గీశాడని ఎవరూ అనలేదు. పక్కన ఉన్నవాళ్ళకే అది తెలుస్తుంది. లాప్‌టాప్‌ని కారులో పెట్టినవాళ్ళకే.

గుండ్రటి మూల కావాలంటే అందరూ ఒక అంకె టైప్ చేస్తారు. ఏబెల్ మాత్రం ముందు మూలకొక వృత్తం గీసి, దాని వెంబడి అంచు తిప్పేవాడు. పని అయ్యాక ఆ వృత్తాలను చెరిపేవాడు కాదు, వేరే లేయర్లో, పైకి కనపడని పొరలో దాచేవాడు. "గీసింది చెరపబుద్ధి కాదండీ," అనేవాడు. అరుంధతి ఆ లేయర్ పక్కనున్న కంటి గుర్తు నొక్కింది.

సన్నటి ఎర్ర గీతలతో వృత్తాలు వచ్చాయి. పదహారు. పదిహేడు. తొమ్మిది. నాలుగో మూలలో ఏమీ లేదు.

ఆమె ఫోన్ తీసింది. "ఈ రోజే సార్. సాయంత్రం ఐదు. తొమ్మిదో జెట్టీ. ప్రతిమను గడప దాటనివ్వకండి."

"నాలుగో వృత్తంలో ఉందా?"

"లేదు. ఆమె నోటితోనే చెప్పింది."

గడియారంలో మూడున్నర.

ఐదుకు రెండు నిమిషాలుండగా నల్లటి అబాయా వేసుకున్న అరుంధతి తొమ్మిదో జెట్టీ చేరింది. వేణుగోపాలరావు గాలం పట్టుకుని పడవలో కూర్చుని ఉన్నాడు. చేపల వేటకని పిలిస్తే వచ్చిన మనిషి. సరంగు అప్పటికే తాడు విప్పుతున్నాడు.

"రావు గారూ, మీ చరిత ట్యూషన్‌లో పడిపోయిందట. మీరు ఫోన్ ఎత్తడం లేదని నన్ను పంపారు."

ఆయన ఒక్క అంగలో జెట్టీ మీదికి దూకాడు. "యల్లా, యల్లా" అని సరంగు తొందరపెడుతూ అరిచాడు. పడవ ఆయన లేకుండానే కదిలింది. రేవు గోడ దాటిన చోట కోస్ట్‌గార్డు బోటు కాచుకుని ఉంది.

"అమ్మాయికి ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. అబద్ధం చెప్పాను. క్షమించండి. వాళ్ళు మిమ్మల్ని ఎత్తుకుపోవాలనుకున్నారు."

ఆయన పడవ వైపు చూశాడు. "ఆ గాలం కొత్తదండీ."

అరుంధతి కాళ్ళ దగ్గరి నీళ్ళు చూసింది. ఏబెల్ దొరికింది అక్కడే.

మర్నాడు చేపల కంపెనీ నుంచి షాపుకి మెసేజ్ వచ్చింది. ఈ వ్యవహారంలో నిజాయితీగా ఉన్నది ఆ క్లయింటు ఒక్కడే. మూలలు ఇంకాస్త గుండ్రంగా కావాలట, ఆదివారంలోగా.

ప్రతిమ పెట్టిన అంకెలన్నీ అరుంధతి తీసేసింది. ఏబెల్ తిప్పిన మూడు మూలలూ తిరిగి వచ్చాయి. నాలుగోది ఆమె ఇంకా గీయలేదు.