చూపించని ఎక్స్‌రే

"కదలకండి అంటే అర్థం కాదా మీకు? మెషిన్ తల చుట్టూ తిరిగేదాకా అలాగే నిలబడాలి, ఠీక్ హై?"

మార్చిలో రఘువీర్‌తో ప్రణతి అన్న మొదటి మాట అదే. కటవారియా సరాయ్ దగ్గర స్కాన్ సెంటర్లో ఆమె టెక్నీషియన్. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో కోప్పడటం ఆమెకే కొత్త. అతను సివిల్స్‌కి ఆరోసారి, ఆఖరిసారి కూర్చుంటున్నవాడు. జ్ఞానదంతం సలుపుతోందని వచ్చాడు.

"తెలుగు టీచరమ్మ దొరికింది, అదృష్టం" అన్నాడు.

స్క్రీన్ మీద దవడంతా ఒకే బొమ్మగా పరుచుకుంది. జ్ఞానదంతం చుట్టూ చిక్కుడు గింజంత నల్లటి మచ్చ. అది మామూలు మచ్చ కాదని ప్రణతికి తెలుసు. కానీ టెక్నీషియన్ రోగం మాట ఎత్తకూడదు, అది డాక్టర్ పని. ఎక్స్‌రే కవరు చేతికిచ్చి, "తప్పకుండా డాక్టర్‌కి చూపించండి" అని ఊరుకుంది.

చూపించే ఉంటాడనుకుంది. మహానుభావుడు ప్రిలిమ్స్ అయ్యాక, అది గట్టెక్కితే మెయిన్స్ అయ్యాక చూద్దామని కవరు నోట్సుల కింద దాచి, రూమ్మేట్లిచ్చిన నొప్పి మాత్రలు మింగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర కలిశారు. వానలో ఒకే గొడుగు కింద మెట్రోదాకా నడిచారు. అతను ఏడిపించేవాడు, ఆమె అలిగేది. ఇన్ని కబుర్లలో ఆ మచ్చ సంగతి మాత్రం ప్రణతి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఆగస్టులో, మెయిన్స్ పది రోజులుందనగా, బుగ్గ వాచి వచ్చాడు. ఈసారి త్రీడీ స్కాన్. ఎముకను బ్రెడ్డులా ముక్కలు ముక్కలుగా కోసి చూపిస్తుంది. మచ్చ ఉసిరికాయంత అయింది. దవడ కింది అంచు కాగితమంత పల్చగా మిగిలింది.

డాక్టర్ దాచలేదు. ఎముకను తినేసే తిత్తి ఇది, గట్టిగా నమిలినా దవడ విరుగుతుంది, ఈ వారమే ఆపరేషన్, ఆపైన ఆరు వారాలు పళ్ళు వైర్లతో బిగించాలి అన్నాడు. మెయిన్స్ రాసి వస్తానని రఘువీర్ బతిమాలాడు. పాత ఎక్స్‌రే చూసి, మార్చిలో వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదన్నాడాయన.

బయట బెంచీ మీద ప్రణతి తల వంచుకుంది.

"ఈ మచ్చ నేను మార్చిలోనే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చూపించి ఉంటావనుకున్నా. తర్వాత డర్ లగా, భయమేసి అడగలేకపోయా."

అతనికి కోపమొచ్చింది, అది ఎవరి మీదో తేల్చుకోలేకపోయాడు.

"నేనూ భయపడే చూపించలేదులే" అన్నాడు చివరికి. "ఆరేళ్ళు చదివాను ప్రణతీ, అంతా అయిపోయింది. ఊళ్ళో ఏం మొహం పెట్టుకుని తిరగను? ఉద్యోగం వచ్చాక నీకో మాట చెబుదామనుకున్నా. ఇక రాదు. ఎల్లుండి ఆపరేషన్ చేసి నోరు కట్టేస్తారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా. నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఉద్యోగమూ దవడా రెండూ లేనివాణ్ణి చేసుకోమని అడగలేను."

ప్రణతికి కన్నీళ్ళతో ఏమీ కనిపించడం లేదు. ముక్కు తుడుచుకుంది.

"నువ్వడగొద్దు. ఇవాళే డాడీతో నేను మాట్లాడతా."

"ఆయన ఒప్పుకోరు. అసలు నేనే వద్దంటాను."

"ఎల్లుండి నుంచి అనలేవుగా."

నవ్వబోయాడు. నొప్పి చెవిదాకా లాగింది. ఆమె భుజం మీద తల పెట్టి, ఆరేళ్ళకీ కలిపి ఏడ్చాడు.