మిద్దెమీద చువ్వలు

ఇంజినీర్ నవ్వాఫ్ ఫలాఫిల్ వడల పొట్లం చేత్తో పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. నంబర్ ప్లేటు లేని వ్యాన్ ఒకటి అతన్ని గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. అమ్మాన్ పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. నిఘా శాఖ అధిపతి అబూ ఘాలిబ్‌కి మాత్రం ఆ మాట మింగుడు పడలేదు.

"సరిహద్దు ఊళ్ళో లేస్తున్న ఆసుపత్రి నవ్వాఫ్ డిజైనే. దాన్ని కూల్చాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది," అన్నాడాయన ఏజెంట్ హాజింతో. "ఇప్పుడు కాదు, మంచాలు నిండాక. కంప్యూటర్ మోడల్లో వేలు పెట్టారు. ఇంజినీరింగ్ చదివి, మా ప్రాణానికి గూఢచారివయ్యావు కదా. ఆ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. వెళ్ళు. లోపల యారా ఉంది."

యారా నవ్వాఫ్ అసిస్టెంటు. ముఠా ఎర వేస్తే మింగినట్టు నటించి, వాళ్ళ గుట్టు అబూ ఘాలిబ్‌కి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తుంటే ఆఫీసులో మౌసులన్నీ ఆగిపోయేవి. ఇర్బిద్ పట్నంలో పుట్టానంటుంది, ఆ యాసే మాట్లాడుతుంది, మన్సఫ్ అన్నాన్ని చేత్తో ముద్ద చేసి తినడంలో ఎవరికీ తీసిపోదు.

హాజిం నెరిసిన మీసం అంటించుకుని కొత్త ఇంజినీరుగా చేరాడు. యారా యాలకుల కాఫీ తెచ్చిపెట్టి, గొంతు తగ్గించింది.

"సెల్లార్లో ఏడో పిల్లర్. సైజు తగ్గించారు. అదొక్కటి సరిచేస్తే చాలు సార్."

"మీసం ఎలా ఉంది?"

"ఊడిపోయేలా ఉంది."

హాజిం పిల్లర్ సైజు పెంచి ప్రోగ్రాం రన్ చేశాడు. తెరమీద పిల్లర్లూ బీములూ అన్నీ పచ్చగా మారాయి. పచ్చరంగంటే బరువు మోస్తుంది, ఎరుపంటే మొయ్యదు. అబూ ఘాలిబ్ సంతోషించి, కాంక్రీట్ పోతకి సరేనన్నాడు.

పోత రోజున హాజిం సైటు దగ్గర కారులో కూర్చుని, సిగరెట్ లైటర్‌లో దాచుకొచ్చిన మోడల్ కాపీని లాప్‌టాప్‌లో మళ్ళీ తెరిచాడు. మనసు ఎందుకో కుదురుగా లేదు. ఫ్రేమ్‌ని అటూ ఇటూ తిప్పి, పైకప్పు దగ్గర ఆగాడు. మిద్దె నున్నగా ఉంది. పిల్లర్లన్నీ కప్పుతోనే ఆగిపోయాయి.

ఈ దేశంలో ఏ మిద్దె చూసినా పిల్లర్ల చువ్వలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. కొడుక్కి పెళ్ళయితే పైన ఇంకో అంతస్తు లేపాలి కదా. యజమాని అడగకపోయినా ఇంజినీరు ఆ రాబోయే అంతస్తు బరువు కూడా మోడల్లో కలిపేస్తాడు. నవ్వాఫ్ అయితే కోళ్ళగూటికి కూడా చువ్వలు వదిలే రకం. అంటే ఇది నవ్వాఫ్ మోడల్ కాదు. దీన్ని ఎవరో మొదట్నుంచీ శుభ్రంగా కట్టుకొచ్చారు, పై అంతస్తు అనవసరమని తీసేశారు. వాళ్ళు ఈ గడ్డమీద పెరిగినవాళ్ళు కారు. నవ్వాఫ్ బతికుంటే ఆ నున్నటి మిద్దెని చూడగానే పట్టేసేవాడు. అందుకే బతకనివ్వలేదు.

హాజిం ఒక్కొక్క బరువూ తడిమి చూశాడు. ఎమర్జెన్సీ వార్డు మీదుగా పోయే పెద్ద బీమ్ పై అంతస్తులన్నిటినీ మోయాలి. మోడల్లో దాని మీద గోడల బరువు సున్నా అని వేసి ఉంది. బరువు వేసి మళ్ళీ రన్ చేశాడు. బీమ్ ఎర్రబడింది. యారా చూపించిన ఏడో పిల్లర్ ఉత్త ఎర. ఇప్పుడు పోయబోతున్నది ఆ బీమ్‌నే.

అబూ ఘాలిబ్‌కి ఫోన్ చేశాడు. "పాషా, ఈ పూట మా ఇంట్లో మక్లూబా."

కుండ బోర్లించి వడ్డించే ఆ అన్నం పేరు శాఖలో ఒక సంకేతం. మనవాళ్ళలోనే ఎవరో ప్లేటు ఫిరాయించారని దాని అర్థం.

"యారానా? మతి పోయిందా నీకు? నేను ఏరి తెచ్చిన పిల్ల. అక్కడ మంత్రిగారున్నారు, టీవీవాళ్ళున్నారు. నోరు మూసుకుని కారులో కూర్చో."

హాజిం ఫోన్ కట్ చెయ్యకుండానే కారు దిగాడు. నిచ్చెనెక్కి, బీమ్ సెంట్రింగ్ పెట్టెలోకి దూకి, చువ్వల మధ్య నిలబడ్డాడు. తలమీద పంపు గొట్టం దగ్గుతోంది.

"బయటికి రండి సార్, చస్తారు," అన్నాడు పంపు ఆపరేటర్.

"నాలుగు అంతస్తుల రోగులు చచ్చేకంటే నేనొక్కణ్ణి నయం. పొయ్యండి. నా నెత్తిమీదే పొయ్యండి."

యారా పరుగున వచ్చింది. నవ్వు చెక్కుచెదరలేదు. "సార్‌కి వడదెబ్బ తగిలింది. పైకి లాగెయ్యండి."

హాజిం ఫోన్ స్పీకర్ ఆన్ చేశాడు. "యారా, ఆసుపత్రి పూర్తయ్యాక మిద్దెమీద ఏముంటుంది?"

"నీళ్ళ ట్యాంకులు."

"ఇంకా?"

"కప్పు పడ్డాక ఇంకేముంటుంది?"

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాషా, మీ మిద్దెమీద ఏమున్నాయి?" అన్నాడు హాజిం.

గొట్టంలోంచి మొదటి కాంక్రీట్ ముద్ద జారి హాజిం బూట్లమీద పడింది.

"చువ్వలు," అన్నాడు అబూ ఘాలిబ్. "పోత ఆపండి. ఆ పిల్లని కదలనివ్వకండి."

పంపు ఆగింది. యారా బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. అందులో ఉన్నది రంగు కాదు, తూటా. అది పేలేలోపు పక్కనున్న తాపీమేస్త్రీ పారతో ఆమె మణికట్టుమీద ఒక్కటిచ్చాడు.

నిఘా శాఖ జైలు ముందు వ్యాన్ దిగుతూ యారా తలెత్తి చూసింది. ఆ మిద్దెమీద కూడా తుప్పు పట్టిన చువ్వలు బారులు తీరి నిలబడి ఉన్నాయి.

"ఇక్కడ కూడానా?" అంది.

"మరి? మీవాళ్ళందరూ వస్తే ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు హాజిం, ఊడిన మీసాన్ని జేబులో వేసుకుంటూ.